సికిల్ సెల్ పిల్లలకు జ్వరమొస్తే గంట కూడా ఎక్కువే

పిల్లాడికి జ్వరమొస్తే పారాసెటమాల్ వేసి రెండు రోజులు చూడటం ఏ ఇంట్లోనైనా మామూలే. ఆ పిల్లాడికి సికిల్ సెల్ ఉంటే ఆ రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. ఉక్కునగరం భిలాయ్ ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో ఈ జబ్బు ఎక్కువ.

కారణం ప్లీహం. రక్తంలో చేరిన న్యూమోకాకస్ లాంటి బ్యాక్టీరియాను వడకట్టేది అదే. కొడవలిలా వంగిన ఎర్రకణాలు దాన్ని చిన్న వయసులోనే దెబ్బతీస్తాయి. మధ్యభారతంలో చాలామంది పిల్లల్లో ప్లీహం కుంచించుకుపోకుండా పెద్దగానే ఉంటుంది. చేతికి తగులుతోంది కదా అని పనిచేస్తోందనుకోకూడదు.

సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి కానీ, పల్లెలోని పీహెచ్‌సీ కానీ, ఇలాంటి పిల్లాడు 101 డిగ్రీలు దాటిన జ్వరంతో వస్తే ఓపీ వరుసలో కూర్చోబెట్టకూడదు. కల్చర్‌కు రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా గంటలోపే యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఐసు, చన్నీళ్ల గుడ్డలు వద్దు. చలికి రక్తనాళాలు ముడుచుకుని నొప్పులు మొదలవుతాయి.

1986లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ వేసుకున్న పిల్లల్లో న్యూమోకాకస్ ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. మందు చవకే. అయిదేళ్లు వచ్చేదాకా మానకుండా వేయించడమే కష్టం, అది చీటీ రాసిస్తే అయ్యే పని కాదు.

2023లో మొదలైన జాతీయ మిషన్ పరీక్షలు చేసి కార్డులిస్తోంది. దాంతో సగం పనే అయినట్టు. జమైకాలో తల్లులకు బిడ్డ ఎడమ పక్కటెముకల కింద తడిమి ప్లీహం ఉబ్బిందేమో చూడటం నేర్పారు. ఉన్నట్టుండి రక్తం అందులో నిలిచిపోయి చనిపోయే పిల్లలు బాగా తగ్గారు. అది నేర్పడానికి నర్సుకు యంత్రాలేవీ అక్కర్లేదు, తల్లి భాష వస్తే చాలు. భిలాయ్‌లో అది హిందీ కావచ్చు, ఛత్తీస్‌గఢీ కావచ్చు, తెలుగూ కావచ్చు.