హార్డ్ డిస్కు కొనుటకు ముందు

జనన మరణముల వివరములు, ఇంటిపన్ను పద్దులు నేడు అనేక పంచాయతీలలో కంప్యూటరునందలి హార్డ్ డిస్కుపై నిలిచియున్నవి. కావున దానిని వెల మాత్రమే చూచి కొనరాదు.

1,000 గిగాబైట్లదని అమ్మిన డిస్కు విండోస్ తెరపై 931 గానే కనుపించును. ఇందు మోసము లేదు. తయారీదారు వేయితోను, కంప్యూటరు 1,024తోను లెక్కించును. నిమిషమునకు 5,400 చుట్లు తిరుగు డిస్కుకంటె 7,200 చుట్లది సాధారణముగా వేగముగలది. ఎస్.ఎస్.డి.లో తిరుగు భాగములే లేవు. వేగము మరింత, వెలయు హెచ్చు. నత్తనడక నడచు పాత కంప్యూటరు దీనితో తరచు చురుకగును.

వాడిన డిస్కు చౌకగా దొరకినచో ముందుగా దాని ‘స్మార్ట్’ నివేదికను చూపుమనవలెను. పనిచేసిన గంటలు, చెడి మార్చబడిన సెక్టార్ల సంఖ్య అందుండును. ఈ రెండవ సంఖ్య పెరుగుచున్న డిస్కును ఉచితముగా ఇచ్చినను పద్దులకు వాడరాదు. సంఖ్య సున్నయైనను డిస్కు హఠాత్తుగా ఆగవచ్చును గనుక, రెండవ ప్రతికై మరియొక డిస్కు వెలనుగూడ తీర్మానములో చేర్చవలెను.