షుగరున్న మనిషికి పంచదారా? అవును, అదే ముందు!

పెళ్లిలో బంతి వేస్తున్నారు కదా అని ఒకాయన ఇన్సులిన్ వేసుకుంటాడు. తంతు తేలదు, వడ్డన గంటన్నర ఆలస్యమవుతుంది. ఆయనకు చెమటలు కారతాయి, చేతులు వణుకుతాయి, మాట పొంతన తప్పుతుంది. ఎవరో పంచదార తెస్తే పదిమందీ అడ్డుపడతారు: "ఆయనకు షుగరండీ, తీపి పెట్టి చంపుతారా?" చంపేది ఆ అడ్డుపడటమే.

షుగర్ పెరగడం నిదానంగా సాగే వ్యవహారం. దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు... గంటలూ రోజులూ పడుతుంది. నిమిషాల్లో మనిషిని కూలదోసేది షుగర్ పడిపోవడం. 70 కంటే దిగితే హెచ్చరిక. 54 కంటే దిగితే మెదడుకు ఇంధనం చాలదు. ఉన్నట్టుండి కోపం, తికమక, ఒక్కోసారి ఫిట్స్. గ్లూకోమీటర్ అందుబాటులో లేదా? తీపి ఇచ్చేయండి. ఒకవేళ షుగర్ ఎక్కువే ఉంటే మూడు చెంచాల పంచదారతో ఇంకాస్త పెరుగుతుంది, అంతే. తక్కువుండి ఇవ్వకపోతే మనిషే దక్కకపోవచ్చు.

మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్, లేదంటే మూడు చెంచాల పంచదార, అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు తేరుకోకపోతే మళ్లీ అంతే. వోగ్లిబోస్ కలిసిన మాత్రలు వాడేవారికి పంచదార త్వరగా ఎక్కదు, గ్లూకోజ్ పొడే కావాలి. చాక్లెట్, పాలకోవా లాంటివి కొవ్వు వల్ల ఆలస్యం చేస్తాయి.

స్పృహ తప్పినవాడి నోట్లో పంచదార నీళ్లు పోసే పరోపకారులు వేరే ఉన్నారు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి, చాలు.

ఇలాంటి అపోహలు ఇంకా ఉన్నాయి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం: తాళానికి తప్ప దేనికీ పనికిరాదు. "మందు వాసనొస్తోంది, తాగి పడ్డాడు": తాగినా షుగర్ పడిపోతుంది, కాలేయం గ్లూకోజ్ వదలడాన్ని మద్యం అడ్డుకుంటుంది.

గ్లూకోమీటర్ గురించి "ఆ మిషన్ తప్పు చూపిస్తుంది" అనేవాళ్ల మాట మాత్రం కొంత ఒప్పుకోక తప్పదు. గ్లూకోజ్ కలిపిన వేలికి, పండు ఒలిచిన వేలికి సూది గుచ్చితే లేని షుగర్ చూపిస్తుంది. వేలు కడిగి, తుడిచి గుచ్చండి.

లేచి కూర్చున్నాడని ఇంటికి తీసుకుపోకండి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రల ప్రభావం గంటల తరబడి ఉంటుంది, కిడ్నీలు దెబ్బతిన్న పెద్దవాళ్లలో ఇంకా ఎక్కువసేపు. షుగర్ మళ్లీ పడిపోవచ్చు. ఏ మాత్ర, ఎప్పుడు వేసుకున్నారు, ఆఖరిసారి ఎప్పుడు తిన్నారు, ఇవి అంబులెన్స్ వాళ్లకు చెప్పి, మందుల స్ట్రిప్పు చేతికివ్వండి.