ఎముక అతికింది... వేలు ముడవదేం?

బాల్కొండ, ఆర్మూర్ ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లకు బీడీల చాటే ఆధారం. తునికాకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరచి, వేళ్ల కొసలతో చుట్టి, మూతి మడిచి, దారం కడితే ఒక బీడీ. కూలి మాత్రం వెయ్యి బీడీల లెక్కన. అంటే ఇల్లు నడిచేది వేళ్ల మీదే. అలాంటి చేతిలో ఒక్క వేలు విరిగితే?

'కట్టు కడితే అదే అతుక్కుంటుందిలే' అనుకుంటారు చాలామంది. నిజమే. వేలి ఎముక సాధారణంగా మూడు నుంచి ఆరు వారాల్లో అతుక్కుంటుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. కట్టు విప్పి చూస్తే వేలు కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది.

ఎందుకిలా?

ఒక్కో చేతి వేళ్లలో 14 ఎముకలు ఉంటాయి. వాటిని ముడిచి చాపే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి టెండన్లు సన్నని తాళ్లలా వేళ్ల దాకా సాగుతాయి. దెబ్బకు వాపు వచ్చి, వేలు చాలాకాలం కదలకపోతే ఈ తాళ్లు పక్కనున్న కణజాలానికి అతుక్కుపోతాయి. కీలు చుట్టూ ఉన్న పొర కుంచించుకుపోతుంది. అందరికంటే ముందు మొరాయించేది నడిమి కీలు.

అందుకే ఎముక పక్కకు జరగని విరుగుళ్లలో వైద్యులు చాలాసార్లు ఆ వేలిని పక్కవేలితో కలిపి టేపు చుట్టి, తొందరగానే కదిలించమంటారు. వేలి చివర వాలిపోతే పద్ధతి వేరు. ఆరు నుంచి ఎనిమిది వారాలు రాత్రీ పగలూ పట్టీతో నిటారుగా ఉంచాల్సిందే.

ఇంట్లో ఇలా...

* దెబ్బ తగలగానే ఉంగరం తీసేయండి. వాపు వచ్చాక అది వేలిని నొక్కేస్తుంది.
* మొదటి రోజుల్లో చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచండి. మిగతా వేళ్లు, మోచెయ్యి, భుజం కదిలిస్తూ ఉండండి.
* కట్టు బిగుతై వేలు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే వైద్యుడికి చూపించండి.
* వైద్యుడు సరేనన్నాక, పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో చెయ్యి ఉంచండి. రెండో చేత్తో వేలి మొదలు పట్టుకుని, నడిమి కీలును మాత్రమే పదిసార్లు ముడిచి చాపండి. తర్వాత చివరి కీలు, ఆపై పూర్తి పిడికిలి. రోజుకు నాలుగైదుసార్లు చేయాలి.
* ముడిచినప్పుడు ఒక వేలు మరోదాని మీదికెక్కితే ఎముక మెలితిరిగి అతికిందేమో చూపించుకోవాలి.
* ఇంకొకరితో బలవంతంగా వంచించుకోవద్దు. వాపు, నొప్పి పెరుగుతాయి.

మెత్తని స్పాంజి నొక్కడం, చపాతీ పిండి పిసకడం ఎముక గట్టిపడ్డాకే. బీడీ పని కూడా మెల్లగా, కొన్నింటితో మొదలుపెట్టాలి. పసుపు తవ్వడం, చెరకు నరకడం లాంటి గట్టిపట్టు పనులకు ఇంకా ఆగాలి. వాపు, బిగుతు కొన్ని నెలలు ఉండొచ్చు. భయపడనక్కర్లేదు.

ఖర్చుతో కూడిన సరంజామా ఏదీ అక్కర్లేదు, కావాల్సింది సమయం. ఆమెకు దొరకనిదీ అదే. కట్టు విప్పిన రోజు నుంచే అంట్లు, బట్టలు, బీడీల లెక్క అన్నీ ఎదురుచూస్తుంటాయి. ఆ కొన్ని వారాలు నీళ్ల బిందె ఇంట్లో మరొకరు ఎత్తుకుంటే, ఆ వేలు మళ్లీ ముడుచుకుంటుంది.