తడి పెట్టని గోధుమ
వాన నీటిని నేలలో దాచుకునే భాల్ రైతుకు ఇప్పుడు ఆ నేలే సందిగ్ధంలో పడింది

సూరత్ శివార్లలోని డుమస్ బీచ్ నల్ల ఇసుకకు పేరుమోసింది. అక్కడి నుంచి తీరం వెంట ఉత్తరానికి వెళితే, ఖంభాత్ సింధుశాఖ పైకొసన వచ్చే పల్లపు ప్రాంతమే భాల్. నుదురులా చదునుగా ఉంది కనుకే ఆ పేరంటారు. భూగర్భ జలం ఉప్పన. అయినా పేరున్న భాలియా గోధుమ పండేది అక్కడే.

రహస్యమంతా దుక్కిలోనే. రైతు గట్లు వేసి వర్షాకాలమంతా నీటిని పొలంలో నిలబెడతాడు. అది ఇంకాక అదను చూసి పైపైన గుంటక తోలతాడు. పొడిబారిన పైమన్ను మూతలా పనిచేసి కింది తేమను కాపాడుతుంది. తొందరపడితే బురద, ఆలస్యమైతే పెళ్లలు. అక్టోబరు చివర, నవంబరులో తడి తగిలే లోతున విత్తుతారు. ఇక కోత దాకా చుక్క నీరు పెట్టరు. కర్నూలు నల్లరేగడిలో శనగ వేసే రైతుకు ఈ లెక్క బాగానే తెలుసు.

దిగుబడి తక్కువే, కానీ మాంసకృత్తులు ఎక్కువ. 2011లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2021లో కెన్యా, శ్రీలంకలకు ఎగుమతి అయింది. అయితే గుర్తింపు కాపాడేది పేరునే, పొలాన్ని కాదు. 2009 నాటి చట్టం కింద ఇదే భాల్‌లో ధొలేరా ప్రత్యేక పెట్టుబడుల ప్రాంతానికి 920 చదరపు కిలోమీటర్లు గుర్తించారు. భూములివ్వబోమంటూ రైతులు హైకోర్టుకెక్కారు. 2024 మార్చిలో అక్కడే టాటాల చిప్ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది.