గర్భసంచి జారిందా? రింగును మీరే చూసుకోవచ్చు

కాన్పుల వల్ల, వయసు వల్ల కటి కండరాలు వదులై గర్భసంచి కిందికి జారుతుంది. మన తల్లులు, అక్కచెల్లెళ్లు ఎందరో ఈ బాధను సిగ్గుతో ఏళ్ల తరబడి దాచుకుంటున్నారు. ఆపరేషన్ ఒక్కటే మార్గం కాదని మేము చెప్పదలచాము.

పెస్సరీ అనే సిలికాన్ రింగును యోనిలో అమర్చితే, జారిన భాగాన్ని అది పైకి పట్టి ఉంచుతుంది. సైజు చూసి మొదటిసారి పెట్టవలసింది డాక్టరే. తర్వాత దాన్ని తీసి, కడిగి, తిరిగి పెట్టుకోవడం స్త్రీలు నేర్చుకోవచ్చు. బ్రిటన్‌లో 21 కేంద్రాల్లో 340 మందిని రెండు వర్గాలుగా చేసి 18 నెలలు గమనించారు. రింగును తామే చూసుకున్నవారి జీవనం, క్లినిక్‌కు వెళ్లి చూపించుకున్నవారి జీవనం ఒకేలా ఉన్నాయి. పైగా తామే చూసుకున్నవారికి ఇబ్బందులు తక్కువ.

పద్ధతి కష్టమేమీ కాదు. చేతులు సబ్బుతో కడుక్కుని, గొంతుకు కూర్చుని, రింగు అంచుకు వేలు తగిలించి మెల్లగా లాగాలి. గోరువెచ్చని నీటితో కడగాలి. సగానికి మడిచి లోపలికి నెట్టాలి. ఎన్నాళ్లకోసారి తీయాలో డాక్టరు చెబుతారు.

రక్తం కనబడినా, దుర్వాసన వచ్చినా, నొప్పి పుట్టినా, మూత్రం బిగిసినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మాటిమాటికీ పరీక్ష బల్ల ఎక్కడానికి మొహమాటపడే మన తల్లులకు ఈ సంగతి తప్పక చెప్పండి.