లైటా, స్ట్రాంగా?

ఒంగోలు నుండి మార్కాపురము పోవు బాటలో పొదిలి యొక పెద్ద మజిలీ. దర్శి, కనిగిరి దారులు వచ్చి కలియు ఆ కూడలిలో, పొగాకు వేలములు సాగు దినములలోను, మిరపకోతల కాలములోను, ప్రత్తి లారీలు బారులు తీరు సాయంకాలములందును, మద్యపు దుకాణము ముందు గుమికూడు జనమును కొంతసేపు గమనించినవారికి ఒక విషయము స్ఫుటముగా గోచరించును. బీరు కొనువాడు అడుగునది ఒక్కటే: "కూలింగు ఉందా అన్నా?" అమ్మువాడు మారుగా అడుగునది ఒక్కటే: "లైటా, స్ట్రాంగా?" ఆ రెండు ప్రశ్నలతో బేరము ముగియును. అది చేదుగా నుండునో, తీపి తగులునో, గోధుమ కలిసినదో, నూక కలిసినదో, ఏ నెలలో సీసాకెత్తినదో అడుగువాడును లేడు, చెప్పువాడును లేడు.

ఇది నాలుక మొద్దుబారిన జనము గల సీమ యని ఎవరైనను తలపోసినచో అంతకు మించిన అన్యాయము లేదు. వేలము కేంద్రమున బేలు విప్పిన క్షణమున ఆకు రంగు చూచి, వ్రేళ్ల నడుమ నలిపి, వాసన పట్టి, ఇది బ్రైటు, ఇది మీడియము, ఇది లోగ్రేడు అని తేల్చు రైతులు ఈ సీమవారే. ఏ మిరపకాయ పచ్చడికి రంగునిచ్చునో, ఏది కూరకు ఘాటునిచ్చునో, తేజకును బ్యాడిగికిని గల అంతరమెట్టిదో, ఇచ్చటి ఇల్లాండ్రకు ఒకరు చెప్పవలసిన పని లేదు. కల్లు ముంత నెరిగిన పెద్దలు, తెల్లవారుజామున దించిన తీపి కల్లునకును, మధ్యాహ్నపుటెండకు పులిసి పొంగిన కల్లునకును, పోతుతాటి కల్లునకును, ఈతకల్లునకును గల భేదములను ఒక్క గ్రుక్కలో పసిగట్టుదురు. ఇంతటి సూక్ష్మజ్ఞులు బీరు కడకు వచ్చునప్పటికి రుచిని విడిచి బలమును మాత్రమే ఏల అడుగుచున్నారు? లోపము వారి నాలుకయందున్నదని నేను నమ్మను. ఆ నాలుక ముందు ఎంచుకొనదగిన వస్తువును ఎన్నడును ఉంచని ఏర్పాటులో ఉన్నది.

మద్యమును రాజ్యము తన గుప్పిట నుంచుకొనుట నేటి మాట కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను ఉద్యోగి కలడు. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అను పానీయములు అందు వేరు వేరుగా పేర్కొనబడినవి. మేదకమునకు నీరెంత, బియ్యమెంత, కిణ్వమెంత యను పాళ్లు సైతము అందు కలవు. బియ్యమును పులియబెట్టి చేయు ఆ మేదకము నేటి బీరునకు దూరపు చుట్టమే. రాజాదాయమును గూర్చి అంత పట్టుదల గల ఆ గ్రంథకర్తయు రకములను విడదీసి చెప్పుట మరువలేదు. మన దుకాణములో నేడు ఉన్నవి రెండే రకములు, అవియును పేరునకు మాత్రమే రెండు.

మద్యమును గూర్చి ఈ సీమలో నోరు విప్పువాడు దూబగుంటను స్మరింపక ముందునకు సాగరాదు. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు నెల్లూరు జిల్లాలోనివే. ఆ నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు, వర్ధినేని రోశమ్మ మొదలగువారు, సారాపై లేవదీసిన ఉద్యమము 1992 నాటికి జిల్లా యంతటను, పిదప రాష్ట్రమంతటను వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. 1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలెను. కూలి డబ్బు సారాకొట్టుకు పోగా పిల్లలు పస్తులుండిన ఇండ్లలోనుండి పుట్టిన ఆ ఉద్యమమునకు నేను శిరసు వంచి నమస్కరించెదను. రుచిని గూర్చిన ఈ వ్యాసము ఆ తల్లులకు ఎదురుమాట కాదు. రుచి కొరకు త్రాగువాడు ఒక గ్లాసుతో ఆగగలడు, మత్తు కొరకు త్రాగువానికి ఆగవలసిన చోటు కనబడదు. సారా పోయినది గాని, ఇచ్చిన రూపాయకు ఎంత మత్తు వచ్చునను సారాకొట్టు లెక్క మాత్రము మనలను వదలలేదు. అది స్ట్రాంగు బీరు రూపమున సీసాలోనికి ప్రవేశించినది.

సీసాపై ముద్రించిన అంకెలను చూడుడు. మనవారు లైటు అని పిలుచు దానిలో ఆల్కహాలు నూటికి 5 పాళ్లకు లోపు. కింగ్‌ఫిషర్ ప్రీమియములో 4.8. స్ట్రాంగులో 8 వరకు. నాకౌట్, హేవర్డ్స్ 5000, కింగ్‌ఫిషర్ స్ట్రాంగ్ అను పేర్లు మారినను, వీనియందు రుచిభేదము స్వల్పము. బియ్యపు నూక, చక్కెర మొదలగు వానితో బలము పెంచినపుడు ఆల్కహాలు హెచ్చునే గాని ధాన్యపు సారము హెచ్చదు. కావుననే ఆ బీరు నోటిలో పలుచగా నుండి, గొంతులో మాత్రము వెచ్చని మంటను, వెనుక వెగటైన తీపిని మిగుల్చును. ఆ వెగటు తెలియకుండుటకే గదా మనవారు దానిని మంచుగడ్డవలె చల్లబరచి అడుగుట! అతిశైత్యము నాలుకను తిమ్మిరెక్కించును. కూలింగు లేని స్ట్రాంగును త్రాగి చూచినవానికి ఈ మాట వివరింపనక్కరలేదు.

దీనికి తోడు ఎంపిక యన్నది త్రాగువాని చేతిలో ఎన్నడును లేదు. 2019 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున ప్రభుత్వమే దుకాణములను నడుపగా, జనమెరిగిన పేర్లు పెక్కు అలమారల నుండి తొలగి, బూంబూం వంటి క్రొత్త పేర్లు ఆ చోట వెలసినవి. 2024 అక్టోబరు 16 నుండి తిరిగి ప్రైవేటు దుకాణములు వచ్చినవి, పాత పేర్లును వచ్చినవి. తెలంగాణములో 2025 జనవరిలో బకాయిలను, ధరలను గూర్చిన వివాదమున యునైటెడ్ బ్రూవరీసు వారు కొన్ని దినములు సరఫరా నిలిపిరి. ఇట్లు ఏ సీసా కనబడునో, ఏది మాయమగునో ముందుగా నెరుగని వాడు అభిరుచిని పెంచుకొనుట ఎట్లు? అభిరుచికి మొదట కావలసినది పోల్చి చూచు అవకాశము.

అయినను బీరు అనగా నేమో తెలియుటకు పొదిలి రైతు ఎంతో దూరము పోనక్కరలేదు. వర్జీనియా ఆకును బ్యారన్‌లో కట్టి, మొదట మందమైన వేడిలో పసుపు రంగు తేల్చి, క్రమముగా వేడి పెంచుచు ఆకును, పిదప ఈనెను ఆరబెట్టు పని అతనికి చేతనైనదే. ఒక్క రాత్రి వేడి హెచ్చినచో బంగారు వన్నె ఆకు గోధుమ వన్నెకు దిగి, వేలములో ధర పడిపోవును. బీరునకు మూలమైన యవల కథయు అచ్చముగా ఇట్టిదే. రాగిమాల్టు కొరకు రాగులను మొలకెత్తించునట్లు యవలను నానబెట్టి, మొలకెత్తించి, వేడిగదిలో ఆరబెట్టుదురు. 80 డిగ్రీల ప్రాంతమున ఆరబెట్టినది లేతవన్నె మాల్టు, దాని బీరు బంగారు రంగు. ఇంకను కాల్చినచో కాల్చిన రొట్టె వాసన, ఎర్రని రంగు. 200 డిగ్రీలు దాటి మాడ్చినచో కాఫీగింజవలె నల్లనై, దాని నుండి స్టౌటు అను నల్లబీరు పుట్టును. అయితే ఒక భేదము కలదు. మన బ్యారన్‌లో మాడిన ఆకు నష్టము, అచ్చట మాడిన గింజ వేరొక రుచికి పునాది.

ఆ మాల్టు వేడినీటిలో నాని తీపి రసమైన తరువాత చేదునిచ్చునవి హాప్సు పూలు, పులియబెట్టునది ఈస్టు. ఈస్టు వెచ్చని గదిలో పైకి తేలుచు త్వరగా పనిచేసినచో ఏలు, చల్లని గదిలో అడుగున నిలిచి నెమ్మదిగా పనిచేసినచో లాగరు. మన దుకాణపు సీసాలలో దాదాపు అన్నియు లాగరులే. 1842లో బొహీమియాలోని ప్ల్జెన్ పట్టణమున జోసెఫ్ గ్రోల్ అను బవేరియా నిపుణుడు లేత మాల్టుతో, స్థానికమైన హాప్సుతో, ఆ ఊరి మృదుజలముతో తయారుచేసిన పిల్స్‌నరు వీనికన్నిటికిని మూలపురుషుడు. నీటిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. ప్ల్జెన్‌లో మృదుజలము లేనిచో ఆ సుకుమారమైన బీరు లేదు. ఇంగ్లండులోని బర్టన్‌లో జిప్సము కలిసిన నీరు లేనిచో పేల్ ఏలునకు ఆ పేరు లేదు. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన కనిగిరి, పొదిలి ప్రాంతముల వారికి, నీరు మనిషి బ్రతుకును ఎట్లు మార్చునో వేరుగా చెప్పవలెనా?

ఇక నా యిష్టములు. సీసా బీరులలో, తాజాగా నున్నచో, లైటునే నేను కోరుదును. దానియందు ధాన్యపు మెత్తదనము కొంతయైనను మిగిలి యుండును. కాని తాజాదనమే మన ఎండలకు నిలువదు. పెట్టెలు నాలుగు దినములు వేసవి వేడిలో నున్నచో ఆ బీరునకు తడిసిన అట్టముక్క వాసన వచ్చును. వెలుతురు సోకినచో హాప్సులోని చేదు పదార్థము విరిగి దుర్గంధము పుట్టును. గోధుమవన్నె సీసా ఆ వెలుతురును చాలవరకు ఆపును, ఆకుపచ్చ సీసా ఆపలేదు. కావున పొదిలిలో బీరు కొనువారు బలమునకు ముందు అడుగవలసినది తయారీ తేదీ యని నా దృఢాభిప్రాయము. అది సీసాపైననే యుండును, చదువుటకు రూపాయ ఖర్చు లేదు.

తెలంగాణ ప్రభుత్వము 2015లో చిన్న బీరు తయారీశాలలకు నియమములు ఏర్పరచిన పిమ్మట హైదరాబాదున అట్టివి వెలసినవి. సంక్రాంతికి ఊరు వచ్చు సాఫ్ట్‌వేరు యువకులు ఐపీఏ, స్టౌటు అను మాటలను అచ్చటినుండియు, డాలసు నుండియు మోసుకొని వచ్చుచున్నారు. ఐపీఏ, అనగా ఇండియా పేల్ ఏలు, యందు నాకు గౌరవము కలదు. 18వ శతాబ్ది చివర లండనులోని హాడ్జ్‌సన్ తయారుచేసిన పేల్ ఏలు ఈస్టిండియా కంపెనీ ఓడలలో మన దేశపు రేవులకు చేరినది, ఆ వంశములోనిదే ఇది. సముద్రయానమున చెడకుండుటకు హాప్సు మెండుగా వేసిరి. కాని గుంటూరు కారముతో చేసిన కోడివేపుడు ప్రక్కన దీనిని పెట్టుట నా మతమున అపచారము. కారములోని ఘాటు నీటిలో కరుగదు. హాప్సు చేదు, పొంగు నురుగు రెండును ఆ మంటకు ఆజ్యము పోయును. వట్టినే, వేయించిన వేరుశనగ పప్పులతో త్రాగుటకు అది మంచిది. స్టౌటును మంచుచలువ లేకుండ, పది పండ్రెండు డిగ్రీల చల్లదనమున, ధనుర్మాసపు రాత్రులలో త్రాగవలెను. అప్పుడే దాని కాఫీ చేదు, బెల్లపు పాకపు వాసన వేరుపడి తెలియును.

నాకు అన్నిటికంటె ప్రియమైనది గోధుమబీరు, అందును బెల్జియము పద్ధతిది. ఆ దేశములోని హూగార్డెన్ గ్రామమున అంతరించిపోయిన ఈ రకమును 1966లో పియర్ సెలిస్ అనునతడు పునరుద్ధరించెను. మొలకెత్తని గోధుమలు, యవల మాల్టు, ఎండిన నారింజ తొక్క, దంచిన ధనియాలు దీని సంభారములు. మన దేశమున 2015లో వచ్చిన బీరా 91 వైటు ఈ మార్గములోనిదే. చేదు తక్కువ, నురుగు మెత్తన, రంగు మజ్జిగ తేటవలె మసక. నాటుకోడి పులుసు కారమును ఇది రెచ్చగొట్టదు, కప్పిపుచ్చదు. ధనియాల వాసన పులుసులోని ధనియాలతో పొత్తు కలిపి, నారింజ పులుపు నోటిని కడిగి, తరువాతి ముద్దకు నాలుకను సిద్ధపరచును. గోంగూర మాంసముతో దీని జత నేనెరిగిన జతలన్నిటిలోను మిన్న.

ఆ ధనియాలు మన నల్లరేగడి పంట. గుంటూరు, ప్రకాశము నేలలలో రబీలో వర్షపు పదునుపై పండునవి. గుంటూరు కడ లాం పరిశోధనా స్థానమువారు సాధన, స్వాతి, సింధు అను వంగడములను వెలువరించినారు. జొన్నయు మనదే. 1988లో నైజీరియా ప్రభుత్వము యవల మాల్టు దిగుమతిని నిషేధించినపుడు అచ్చటి తయారీదారులు జొన్నలకును, మొక్కజొన్నలకును మరలి బీరు చేయ నేర్చుకొనిరి. జొన్నమొలకలో పిండిపదార్థమును చక్కెరగా మార్చు శక్తి యవలకంటె తక్కువ గనుక వెలుపలి ఎంజైములను చేర్చవలసి వచ్చెను, చేర్చిరి, నిలిచిరి. హాప్సు ఒక్కటి మాత్రము మన వేడికి పండదు, అది కొని తెచ్చుకొనవలసినదే.

జొన్న, గోధుమ, లాం ధనియాలు, చీనీకాయ తొక్క చేర్చి, నూటికి నాలుగున్నర పాళ్లకు మించని బలముతో, ఒంగోలులో ఎవరైనను ఒక చిన్న తయారీశాలను పెట్టుటకు పూనుకొనినచో, ఆ బీరు నమూనాను రుచిచూచి తప్పొప్పులు చెప్పుటకు పొదిలి వేలము కేంద్రము నుండియే పదిమంది రైతులను పిలువవలెనని నా కోరిక. ఆకు వాసన చూచి ధర చెప్పు ముక్కులు అవి. తయారీ నిపుణుడు వారికి బలమెంతయో ముందుగా చెప్పకుండ గ్లాసును చేతికిచ్చి, ధనియాలు హెచ్చినవా, పులుపు చాలినదా అని అడిగినచో, వారు చెప్పు జవాబులను వ్రాసికొనుటకు అతని పుస్తకము చాలదు.