చక్రాన్ని పట్టి ఉంచే రాపిడి

శ్రీరామనవమి దగ్గరపడితే ఖమ్మం నుంచి భద్రాచలానికి కార్ల బారులు మొదలవుతాయి. మణుగూరు బొగ్గు లారీలు, సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీలు కూడా ఈ రోడ్ల మీదే తిరుగుతాయి. గోదావరి దాటి చర్ల వైపో చింతూరు వైపో పోయేకొద్దీ అడవి చిక్కబడుతుంది, పంక్చర్ షాపులు పలచబడతాయి. అక్కడ టైరు దిగిపోతే ఇంటిల్లిపాదినీ ఊరు చేర్చేవి డిక్కీలో ఉన్న స్టెప్నీ, జాకీలే. కారు కొన్న రోజు నుంచి వాటిని బయటకు తీసి చూడనివాళ్లు మనలో చాలామంది. అందుకే వాటి పుట్టుకా, పనితీరూ తెలుసుకోవాలి.

మొదట్లో కారు చక్రాన్ని సులువుగా విప్పి మార్చే ఏర్పాటే లేదు. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం గాలి టైరు తయారుచేసి 1888లో పేటెంట్ తీసుకున్నాడు. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగొచ్చే పందెంలో మిషెలిన్ సోదరులు గాలి టైర్లు తొడిగిన కారును నడిపారు. గాలి టైరుతో కుదుపు తగ్గింది, కానీ పంక్చర్ వచ్చిపడింది. గుర్రపు నాడాల మేకులు రాలే ఆ రోడ్ల మీద టైరు దిగిందంటే అక్కడే కూర్చుని టైరు ఊడదీసి, ట్యూబుకు అతుకు వేసి, గాలి కొట్టుకోవాల్సిందే.

ఈ అవస్థకు వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో థామస్ మోరిస్ డేవీస్, వాల్టర్ డేవీస్ అనే అన్నదమ్ములు 1904లో ఉపాయం కనిపెట్టారు. గాలి నింపిన టైరును ఆకులు లేని ఇనుప రిమ్ముకు తొడిగి, దిగిపోయిన చక్రానికి పక్కనే బిగించేవారు. పాత చక్రం విప్పే పని లేదు. వాళ్లు వ్యాపారం చేసిన స్టెప్నీ వీధి పేరే దానికి పెట్టారు. తర్వాత కొన్నేళ్లకే మొత్తం చక్రాన్ని విప్పి మార్చే పద్ధతి వచ్చింది. దాంతో కారును ఎత్తే సాధనం ప్రతి బండికీ కావలసి వచ్చింది.

కారుతో పాటు సాధారణంగా ఇచ్చే కత్తెర జాకీలో అసలు పని మరది. నిటారుగా ఎక్కలేని కొండను మారేడుమిల్లి ఘాట్‌రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కినట్టు, మర బరువును కొద్దికొద్దిగా ఎత్తుతుంది. హ్యాండిల్ 15 సెంటీమీటర్ల వ్యాసార్థంతో ఒక చుట్టు తిరిగితే మన చెయ్యి సుమారు 94 సెంటీమీటర్లు కదులుతుంది. మర జరిగేది మూడు మిల్లీమీటర్లే అనుకుంటే, లెక్క ప్రకారం బలం 300 రెట్లు పెరగాలి. కానీ అందులో సగానికి పైగా రాపిడి తినేస్తుంది.

ఆ నష్టమే మనకు రక్ష. మర వాలు తక్కువ, రాపిడి ఎక్కువ కాబట్టి చెయ్యి వదిలేసినా మర వెనక్కి తిరగదు, కారు కిందికి జారదు. లారీల వాళ్లు వాడే బాటిల్ జాకీలో ఈ అడ్డు లేదు. జోసెఫ్ బ్రామా 1795లో పేటెంట్ పొందిన హైడ్రాలిక్ ప్రెస్ సూత్రాన్నే రిచర్డ్ డడ్జన్ 1851లో జాకీకి తెచ్చాడు. అందులో బరువును ఆపేది నూనె, దాన్ని బయటకు పోనివ్వని వాల్వు, సీలు. సీలు అరిగితే బండి దిగిపోతుంది. మర జాకీ అయినా పక్కకు ఒరగవచ్చు. ఏ జాకీ అయినా ఎత్తడానికే. దాని మీద నిలిపిన కారు కిందికి తల గానీ చెయ్యి గానీ పోనివ్వకూడదు.

చక్రాన్ని కారుకు పట్టి ఉంచేదీ రాపిడే. నట్లు చక్రాన్ని హబ్బుకు అదిమి నొక్కుతాయి. ఆ రెండు ఇనుప ముఖాల మధ్య పుట్టే రాపిడే బ్రేకు వేసినప్పుడు చక్రం జారకుండా ఆపుతుంది. నట్టు బిగించేటప్పుడు మన బలంలో సుమారు పదో వంతే ఈ నొక్కుడుగా మారుతుంది, మిగతాది నట్టు రాపిడికే పోతుంది. అందుకే మరలకు నూనె రాయకూడదు. రాస్తే రాపిడి తగ్గి, అదే బలానికి బోల్టు అతిగా సాగుతుంది, తెగనూవచ్చు. చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల బిగువు చెబుతారు. మీ బండి లెక్క కారు పుస్తకంలో ఉంటుంది. 25 సెంటీమీటర్ల పానా చివర 40 కిలోల బలం వేస్తే దాదాపు 100 న్యూటన్ మీటర్లు. పానా మీదెక్కి తొక్కితే లెక్క తప్పుతుంది.

ఇవి అడవి దారిలో కాదు, ఇంటి దగ్గర నేర్చుకోవాలి. గేటు ముందు వాలు మీద వద్దు, గట్టి సమతల నేల చూసుకోండి. కార్లోంచి అందర్నీ దించండి. గేరు వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగండి. చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఇంజన్ తిప్పేది ముందు చక్రాలను, హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలను. ముందు చక్రం ఒకటి నేలను వదిలితే డిఫరెన్షియల్ వల్ల అది గాలిలో ఊరికే తిరుగుతుంది, గేరు పట్టు పోతుంది. అందుకే ఎత్తే చక్రానికి ఎదురు మూలన ఉన్న చక్రానికి రెండు పక్కలా రాళ్లు పెట్టండి.

చక్రం నేల మీద ఉండగానే నట్లను అర చుట్టు వదులు చేయండి. ఎత్తాక చేయబోతే చక్రమే తిరుగుతుంది. నల్లరేగడిలో జాకీ కూరుకుపోతుంది. 250 కిలోల బరువు 10 సెంటీమీటర్ల చదరపు అడుగుభాగం మీద పడితే చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోలు. కింద 30 సెంటీమీటర్ల చదరపు మందపాటి చెక్క వేస్తే ఆ ఒత్తిడి తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. కారు పుస్తకం చూపిన చోటే జాకీ ఆనించి ఎత్తండి. వెంటనే స్టెప్నీని కారు అంచు కిందికి తోయండి. జాకీ ఒరిగినా కారు దాని మీద ఆగుతుంది. విప్పిన చక్రాన్ని అక్కడ పెట్టాకే స్టెప్నీ తీసి తొడగండి. హబ్బు తుప్పు తుడిచి, నట్లు ముందు చేత్తో ఎక్కించి, కారు దించాక ఎదురెదురుగా బిగించండి. వరసగా బిగిస్తే చక్రం ఒక పక్కకు కూర్చుంటుంది. ఖమ్మంలో మార్చితే కొత్తగూడెంలో ఆగి మళ్లీ పానా వేసి చూడండి.

వాడకపోయినా టైరులో నెలకు ఒకటి రెండు పీఎస్ఐ గాలి తగ్గుతుంది. ఏడాది పట్టించుకోని స్టెప్నీ అవసరానికి పనికిరాదు.

2020 అక్టోబరు నుంచి కేంద్ర నిబంధనల ప్రకారం 3.5 టన్నుల లోపు ప్యాసింజర్ కార్లకు ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే ఏర్పాటు, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదు. నగరంలో తిరిగే బండికి అది చాలవచ్చు. కానీ కిట్ పూడ్చేది టైరు అరిగే భాగంలో పడిన చిన్న రంధ్రాన్నే. విరిగిన తారు అంచుకు టైరు పక్కగోడ చీలితే అది ఏమీ చేయలేదు. మన అడవి దారుల్లో స్టెప్నీ ఇంకా ఉండాల్సిందే. దాన్ని మార్చడం ఇంట్లో ఒక్కరికే తెలిస్తే సరిపోదు. అమ్మాయికైనా అబ్బాయికైనా స్టీరింగ్ పట్టడం నేర్పినప్పుడే పానా పట్టడమూ నేర్పాలి.